తోట కాలనీలో నాలుగంతస్తులు

నన్ను నూజివీడు మున్సిపల్ ఆఫీసుకి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరుగా వేసింది 1986 ఫిబ్రవరిలో. అంతకుముందు నేను ఏలూరులో బిల్డింగ్ ఓవర్సీరుని. ఓవర్సీరంటే టేపు పట్టుకుని ఎండలో తిరిగే మనిషి, సూపర్‌వైజరంటే ఆ టేపు చూపించిన కొలతల మీద సంతకం పెట్టే మనిషి అని మా శాఖలో అనుకునేవారు. చిన్న ఊళ్ళలో ఆ రెండు పనులూ ఒకరివే. నూజివీడులో మా విభాగమంతా కలిపి నేను, పటాలు గీసే ట్రేసరు, కొలతల గొలుసు మోసే చైన్‌మన్. మా పైన కమిషనరు గారు. ఆయన పైన ఎంతమంది ఉన్నారో ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

మా ఆయన చింతలపూడిలో హైస్కూలు టీచరు. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. వారంలో ఎక్కువ రోజులు ఒంటరిగా ఉండే ఆడమనిషికి, అందులోనూ గొలుసు, టేపు పట్టుకుని ఊరంతా తిరిగే ఉద్యోగం చేసేదానికి ఇల్లు అద్దెకివ్వాలంటే ఆ రోజుల్లో జనం ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. చాలా గుమ్మాలు ఎక్కి దిగాక దేవదానం మాస్టారు ఇచ్చారు.

మాస్టారు మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చర్చిలో పెద్ద. ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పారు, మిగతా సగం మందికి చెప్పలేదని వాళ్ళ నడక చూసి గుర్తుపట్టేవారు. ఆయన భార్య సుగుణమ్మ గారు నెమ్మదైన మనిషి. రోజూ మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి కిటికీలో ఒక కూరగిన్నె పెట్టి ఉంచేవారు.

వాళ్ళ ఇల్లు తోట కాలనీలో. హనుమాన్ జంక్షన్ రోడ్డు వైపు ఊరు పెరిగినప్పుడు ఒక మామిడితోటని ప్లాట్లు చేసి అమ్మారు. చెట్లు చాలావరకు కొట్టేసినా ఇంటికొకటి రెండు మిగిలాయి. రిటైరైనవాళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు తలా ఒక డాబా వేసుకున్నారు. అన్నీ ఒక్క అంతస్తువే. వెనక పెరడు, పెరట్లో నుయ్యి, చాకిరేవు బండ, మూడు వైపులా ఇటుక గోడా నాలుగో వైపు తడికా ఉండి పైన కప్పు లేని స్నానాల గది. నేనున్న వాటాకి కూడా అదే స్నానాల గది.

మార్చిలో సత్యనారాయణ గుప్త గారు ఆఫీసుకొచ్చి నా బల్ల మీద ఒక ప్లాను పరిచారు. గుప్త గారు మామిడికాయల వ్యాపారి. కాపు రోజుల్లో ఆయన కొట్టు ముందు లారీలు నిలబడితే రోడ్డు దాటడానికి చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. ప్లాను బెజవాడలో లైసెన్సున్న సర్వేయరు చేత గీయించారు. నీలం కాగితం మీద తెల్లగీతలు. కింద ఒకటి, దాని మీద మూడు, మొత్తం నాలుగంతస్తులు. స్థలం ఎక్కడని చూస్తే తోట కాలనీ. హద్దులు చూస్తే తూర్పున దేవదానం మాస్టారి ఇల్లు. అంటే నా స్నానాల గది.

నూజివీడులో అప్పటికి రెండంతస్తుల ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. జమీందారుల నాటి కోట సంగతి వేరు, అది ఎత్తుగా ఉండటం దాని ఉద్యోగం. మామూలు మనిషి నాలుగంతస్తులు కడతాననడం అదే మొదలు. ఎందుకండీ అంత అని అడిగాను. గుప్త గారు దాచుకోకుండా చెప్పారు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి. వంటిల్లు ఒక్కటే.

"స్థలం పక్కకి పెరగదు కదమ్మా. వంటిళ్ళు మాత్రం పెరగాలి. ఇంక పైకే గదా దారి" అన్నారు.

జంక్షన్ నుంచి వచ్చే బస్సులో కూర్చున్నవాళ్ళకి ఊరు కనపడకముందే తన మేడ కనపడితే తనకేమీ అభ్యంతరం లేదని కూడా అన్నారు.

మా పని ఎలా ఉంటుందో ఇక్కడ కొంచెం చెప్పాలి. ప్లాను వస్తే ముందు స్థలం కాగితాలు చూస్తాం. తరవాత స్థలం దగ్గరికి వెళ్ళి కొలుస్తాం. గోడకీ హద్దుకీ మధ్య నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు, అది సరిపోయిందో లేదో చూస్తాం. మేడ ఎంత ఎత్తు కట్టుకోవచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది. రోడ్డు వెడల్పైతే మేడ ఎత్తుగా లేవొచ్చు. తోట కాలనీలో ప్లాట్లు వేసినవాళ్ళు గుప్త గారి స్థలం ముందు మంచి వెడల్పైన రోడ్డు వదిలారు. నేను రెండుసార్లు కొలిచాను. రెండోసారి ఇంకొంచెం తక్కువ వస్తుందేమోనన్న ఆశ లేదని అనలేను. రాలేదు. ప్లాను అన్నివిధాలా రూల్సుకి లోబడే ఉంది.

కొలిచిన సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. మర్నాటికి మేడ ఏడంతస్తులైంది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పదంతస్తులు, పైన సినిమాహాలు. ఆ వారంలోనే మాస్టారు స్వయంగా రాసి, కాలనీ వాళ్ళందరి చేత సంతకాలు పెట్టించిన అర్జీ కమిషనరు గారికి చేరింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇటువంటి ఎత్తైన కట్టడం కాలనీ ప్రశాంతతకీ, గాలికీ, వెలుతురుకీ, నైతిక వాతావరణానికీ భంగకరమని ఆ అర్జీ సారాంశం.

కమిషనరు గారు పిలిచి ఏం చేద్దామన్నారు. నేను కాగితం మీద రాసే ఇచ్చాను: నేను ఆ స్థలం పక్క ఇంట్లోనే అద్దెకుంటున్నాను, అర్జీ పెట్టినవారు నా ఇంటి యజమాని, కాబట్టి ఈ ఫైలు ఇంకెవరికైనా అప్పగించగలరు. ఆయన చదివి నవ్వారు.

"ఇంకెవరున్నారమ్మా మన దగ్గర? ట్రేసరుకిద్దామా?" అన్నారు.

తరవాత, పక్కింట్లో ఉన్నారు కాబట్టి పక్కింటివాళ్ళ బాధేంటో మీకే బాగా తెలుస్తుంది, రూలు ప్రకారం అయితే అనుమతి ఇవ్వాల్సిందే, కానీ జనం ఏమంటున్నారో ఒకసారి విని నోటు పెట్టండి అన్నారు. నోటు పెట్టడమంటే ఫైలులో మన అభిప్రాయం రాసి కింద సంతకం పెట్టడం. ఆ సంతకం తరవాత ఎవరికి కోపమొచ్చినా వెతుక్కుంటూ వచ్చేది ఆ సంతకం దగ్గరికే.

నేను ఇల్లిల్లూ తిరిగాను. ఏప్రిల్ వచ్చేసింది, ఎండలు ముదిరాయి. ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, ఎంతో ఓపిగ్గా అభ్యంతరాలు చెప్పారు. బ్యాంకు గుమాస్తా ఒకాయనకి టీవీ గురించి బెంగ. బెజవాడ వైపు తిప్పి పెట్టిన యాంటెన్నాకి మేడ అడ్డమొస్తే ఆదివారం సినిమా ఏం కావాలని అడిగాడు. కాలనీ చివర ఇంకా తోట ఉన్న రైతు ఒకాయన, అంత మేడ గాలిని ఆపేస్తే పూత నిలవదన్నాడు. ఆ పక్కింటాయన అదే మేడ గాలిని ఇటు తోసేస్తే పిందె రాలిపోతుందన్నాడు. ఒకామె అది ఒరిగి తమ మీద పడుతుందని భయపడింది. వాళ్ళ ఇల్లు రెండు వీధులవతల. అంత దూరం ఒరగాలంటే మేడ ఎంత ఎత్తుండాలో నేను లెక్కవేసి చెప్పబోతే, మేడలకి లెక్కలుంటాయా అంది.

ఇందులో నాకు వింతగా తోచింది ఒకటే. తనకి ఇబ్బంది అన్నవాళ్ళు దాదాపు లేరు. మగవాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళ కోసం వద్దంటున్నారు. ఆడవాళ్ళని అడిగితే ఆయన వద్దంటున్నారండీ అంటున్నారు. ముసలివాళ్ళు పిల్లల కోసం వద్దంటున్నారు. పిల్లల్ని నేను అడగలేదు గానీ, మేడెప్పుడు కడతారని వాళ్ళే నన్ను అడిగారు.

మాస్టారు మాత్రం నాతో ఆ విషయం నేరుగా ఎత్తలేదు. పెద్దమనిషి కదా. ఒకరోజు సాయంత్రం వరండాలో కూర్చుని, గన్నవరంలో ఉన్న మేనల్లుడు ఒకడు ఇక్కడ కాలేజీలో చేరతానంటున్నాడనీ, వస్తే వాడికి ఒక వాటా చూడాల్సి ఉంటుందనీ, ఇంకా ఏమీ అనుకోలేదనీ అన్నారు. మేనల్లుడి రాక నా నోటు మీద ఆధారపడి ఉందని నాకు అర్థమైంది. కిటికీలో కూరగిన్నె మాత్రం మానలేదు. దాంట్లో ఉప్పు మాత్రం కొంచెం ఎక్కువ పడుతున్నట్టు నాకనిపించింది. అది నా అనుమానమే అయ్యుండొచ్చు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ మేడ వద్దనే ఉంది. పొద్దున్నే కప్పు లేని గదిలో చెంబు చేతిలో పట్టుకుని తలెత్తి చూసేదాన్ని. ఆకాశం, జామచెట్టు కొమ్మ ఒకటి, అప్పుడప్పుడు కాకి. అక్కడ మూడు అంతస్తుల కిటికీలు ఊహించుకుని గబగబా నీళ్ళు పోసుకునేదాన్ని. కానీ రోడ్డు వెడల్పు నేను కొలిచిందే. నాకు నచ్చలేదని రాయడానికి ఫైలులో గడి లేదు.

ముందు ఈ పదంతస్తుల భయం పోగొడదామని ఒక ఆలోచన చేశాను. సరుగుడు బాదులు ఒకదానికొకటి కట్టించి, గుప్త గారి స్థలం నాలుగు మూలలా సరిగ్గా మేడ లేచేంత ఎత్తున నిలబెట్టించాను. మీద ఎర్రగుడ్డలు కట్టించాను. కళ్ళతో చూస్తే ఇంతేనా అనుకుంటారని నా ఉద్దేశం. కొబ్బరిచెట్టు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఫలితం నేననుకున్నట్టు రాలేదు. ఊళ్ళోవాళ్ళు ఆ జెండాలు చూసి సర్కస్ వచ్చిందనుకున్నారు. ఆదివారం సాయంత్రం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలతో సహా వచ్చి టిక్కెట్లు ఎక్కడిస్తారని మాస్టారి గేటు దగ్గర అడిగారు. ఆయన వాళ్ళకి ఏం చెప్పారో తెలియదు గానీ, సోమవారం పొద్దున్నే బాదులు దింపేయమని కమిషనరు గారి నుంచి కబురొచ్చింది.

ఈలోగా కాపు మొదలైంది. మే నెలలో నూజివీడులో ఎవరికీ దేని మీదా అభ్యంతరం ఉండదు, తీరిక ఉండదు కాబట్టి. గుప్త గారు కొట్టు వదిలి రాలేదు. కాలనీ ఇళ్ళ డాబాల మీద చాపలు పరిచి తాండ్ర ఆరేశారు. రసాల గుజ్జు పొర మీద పొర పూసి, ఎండకి నల్లబడేదాకా కాకుల్ని తోలుతూ ఆడవాళ్ళు డాబాల మీదే ఉండేవారు. ఆ తాండ్ర దగ్గరే నాకు అసలు మాటలు వినపడ్డాయి. నా మటుకు నేను కాకుల్ని తోలడానికి ఎక్కుతున్నానని చెప్పి ఎక్కేదాన్ని. గాలి, వెలుతురు, యాంటెన్నా ఎవరూ ఎత్తలేదు. స్నానాల గది గురించి, నూతి దగ్గర తడి బట్టలతో నిలబడటం గురించి చెప్పారు. ఇవి అర్జీలో లేవు. అర్జీ మాస్టారు రాశారు, ఇటువంటివి మాస్టారికి ఎవరు చెబుతారు? నైతిక వాతావరణం అన్న మాట ఈ స్నానాల గదినే అనుకోవాలి.

పైనుంచి చూస్తే నిజంగా ఎంత కనపడుతుంది అన్నది అప్పుడు ప్రశ్నయింది. ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఎవరూ అంత పైకి ఎక్కింది లేదు. కాలనీ చివర కొత్తగా కట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. ఇంకా నీళ్ళు ఎక్కించలేదు. చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళే సిమెంటు మెట్లు, పైన చుట్టూ నడవడానికి కటకటాలున్న వసారా. దాని ఎత్తు గుప్త గారి మేడ ఎత్తుకి ఇంచుమించు సమానం. వాటర్ సప్లై ఇంజనీరు గారిని అడిగి, తాళం తీయించి, ఆసక్తి ఉన్నవాళ్ళు ఫలానా ఆదివారం మూడు గంటలకి రావచ్చని చెప్పాను. జూన్ చివర, తొలకరి పడి దుమ్ము అణిగిన రోజులు.

మగవాళ్ళు పెద్దగా రాలేదు. మాస్టారికి మోకాళ్ళ నొప్పి. తను ఇంట్లోనే ఉండి విశ్రాంతి తీసుకుంటాననీ, సుగుణని మాత్రం తీసుకెళ్ళమనీ అన్నారు. ఆడవాళ్ళు బాగానే వచ్చారు. గుప్త గారు కూడా భార్యనీ చిన్నకోడల్నీ పంపించారు. ముగ్గురు కోడళ్ళూ పై అంతస్తు వద్దంటున్నారని, ఒకసారి ఎక్కి చూస్తే ఎవరికైనా మనసు మారుతుందేమోనని ఆయన ఆశ. కొద్దిమంది చొప్పున ఎక్కించాను. కొంగులు నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కారు.

పైకి వెళ్ళగానే అందరూ కటకటాల దగ్గరికి చేరారు. అటు చూస్తే తోటలు. ఆగిరిపల్లి వైపు కొండలదాకా ఒకటే ఆకుపచ్చ, మధ్యమధ్య ఎర్రమట్టి బాటలు. పుట్టినప్పటి నుంచి ఆ తోటల మధ్యే ఉన్నవాళ్ళు వాటిని పైనుంచి చూడటం అదే మొదటిసారి. గుప్త గారి చిన్నకోడలు కటకటాలు పట్టుకుని గాలికి మొహం పెట్టి నిలబడింది. అత్తగారు రెండుసార్లు పిలిచినా వినపడలేదు. ఆ మేడ పై అంతస్తు ఎవరిదో ఆ నిమిషంలోనే తేలిపోయిందని నా నమ్మకం.

తరవాత అందరూ తోటల నుంచి కళ్ళు తిప్పి ఇళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అదిగో మీ డాబా, ఇదిగో మా నుయ్యి. ఎవరింట్లో కట్టెలు ఎన్ని ఉన్నాయో, ఎవరి పెరట్లో కాకర పాదు కాసిందో, ఎవరు అరువడిగితే లేదన్న కారంరోలు ఎక్కడ బోర్లించి ఉందో అన్నీ కనపడ్డాయి. స్నానాల గదులూ కనపడ్డాయి. మా గది కూడా, చెంబుతో సహా. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ భయం నిజమేనని నాకు అక్కడే తేలింది.

సుగుణమ్మ గారు నా పక్కన నిలబడి ఉన్నారు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని తమ పెరట్లోకి చూస్తున్నారు. నేనూ చూశాను. జామచెట్టు వెనక, చాకిరేవు బండ మీద తెల్ల బనీనుతో ఒక మనిషి వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని హాయిగా కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాడిలా లేడు. తల మీద నుంచి పొగ నెమ్మదిగా ఉండలు ఉండలుగా పైకి లేస్తోంది. చుట్ట మానేశానని మాస్టారు కొన్నేళ్ళ కిందట చర్చిలో అందరి ముందూ నిలబడి చెప్పిన సంగతి కాలనీలో అందరికీ తెలుసు. మానడం ఎలాగో కుర్రాళ్ళకి ఇంకా చెబుతూనే ఉన్నారు.

కాసేపటికి అందరూ అటే చూస్తున్నారు. ఒకామె మెట్లు ఎక్కువున్నాయి, దిగుదామా అంది. సుగుణమ్మ గారు కదల్లేదు. చుట్ట పూర్తయ్యేదాకా చూశారు. ఆయన లేచి, చేతులు కడుక్కుని, జామాకు ఒకటి కోసి నమలడం కూడా చూశారు.

"నోరు శుభ్రంగా ఉంటుందని రోజూ జామాకు నమిలితే, ఎంత మంచి అలవాటో అనుకున్నానమ్మా" అన్నారు నాతో.

నెమ్మదిగానే అన్నారు. కోపం లేదు. ఎన్నాళ్ళుగానో కలవని లెక్క ఒకటి కలిసినట్టు ఉంది ఆవిడ మొహం.

ఆ తరవాతి శనివారం కాలనీ స్కూలు వరండాలో అందరినీ కూర్చోబెట్టాను. గుప్త గారు వచ్చారు, మాస్టారు వచ్చారు. ఆడవాళ్ళు వెనక బల్లల మీద కూర్చున్నారు. ట్యాంకు మీద ఏం జరిగిందో మాస్టారికి ఎవరూ చెప్పలేదు. భార్య కూడా అడగలేదు. అందుకని ఆయన ధైర్యంగా లేచారు. గాలి, వెలుతురు అయ్యాక అసలు విషయానికి వచ్చారు. మనిషికి ఇంటి ముందు భాగం ఊరి కోసం, పెరడు తన కోసం అన్నారు. చక్కటి మాట. అక్కడితో ఆగితే బాగుండేది.

"పెరట్లో మనిషికి కూడా ఒక మర్యాద ఉంటుంది కదండీ. పైనుంచి ఎవరో చూస్తుంటే ఆ మర్యాద ఏం కావాలి?" అన్నారు.

వెనక బల్ల మీద నుంచి సుగుణమ్మ గారు, గొంతు పెంచకుండా, "పెరట్లో మర్యాదగా ఉంటే ఎవరు చూస్తే ఏంటండీ" అన్నారు.

వెనక బల్లలన్నీ ఒక్కసారి దగ్గాయి. కొంగులు నోళ్ళకి అడ్డం వెళ్ళాయి. మాస్టారు భార్య వైపు చూశారు, నా వైపు చూశారు, బయట కనపడుతున్న ట్యాంకు వైపు చూశారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఎత్తు, దూరం, కోణం ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కూర్చున్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. నిజానికి నాకు ఆ నిమిషంలో ఆయన మీద జాలేసింది. ఆయనకి ఆ జామచెట్టు నీడ ఒక్కటే స్వతంత్రం. అది పోతుందని అంత అందమైన అక్షరాలతో అర్జీ రాసుకున్నారు.

అయితే ఆ మాటతో మీటింగు అయిపోలేదు. నవ్వులు తగ్గాక సుగుణమ్మ గారే మళ్ళీ మాట్లాడారు. మేడ కట్టుకోవద్దని తాము అనడం లేదనీ, కానీ తాము ట్యాంకెక్కి చూశామనీ, కనపడకూడనివి చాలా కనపడుతున్నాయనీ, ఆయన సంగతి ఆయనదే గానీ తమ సంగతి కూడా చూడాలనీ చెప్పారు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరు నోరు విప్పారు. గుప్త గారు మొదట బెజవాడలో అందరూ ఇలాగే కడుతున్నారని వాదించబోయారు. ఆయన పక్కనే ఉన్న భార్య, ట్యాంకు మీద నుంచి తానూ చూశాననీ, రేపు ఎదుటివాళ్ళు మన పక్కన ఇంకో మేడ కడితే మన కోడళ్ళ సంగతేంటనీ అడిగేసరికి ఆయన ఆగారు.

అక్కడే బల్ల మీద ప్లాను పరిచి పెన్సిలుతో దిద్దాను. తూర్పువైపు, అంటే మాస్టారి ఇంటివైపు, కిటికీలన్నీ తీసేసి తలెత్తుకి పైన వెంటిలేటర్లు పెట్టాలి. గాలొస్తుంది, వెలుతురొస్తుంది, చూపు పోదు. ఆ వైపు బాల్కనీ ఉండదు. పైన డాబా పిట్టగోడ ఆ ఒక్క వైపు నిలువెత్తు లేపాలి. ఇవేవీ రూల్సులో లేవు. రూలులో లేనిదాన్ని నేను బలవంతం చేయలేను, దరఖాస్తుదారు ఒప్పుకుని సవరించిన ప్లాను ఇస్తే మాత్రం తీసుకోగలను. గుప్త గారు ఒప్పుకున్నారు. బస్సులోంచి కనపడే వైపు పడమర కాబట్టి, తూర్పున గోడ ఎలా ఉన్నా ఆయనకి నష్టం లేదు.

నోటు పెట్టాను, కమిషనరు గారు సంతకం చేశారు. ఇంటికి వచ్చి సామాను సర్దుకోవడానికి అట్టపెట్టెలు పోగేస్తుంటే మాస్టారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. మేనల్లుడి సంగతి చెప్పడానికే వచ్చారనుకున్నాను.

"అమ్మా, ఆ ట్యాంకు మెట్లకి గేటుంది కదా. దానికి తాళం రోజూ వేస్తారా?" అన్నారు.

వేస్తారండీ, రూలు ఉంది అన్నాను. ఎవరు వేస్తారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆదివారాలు కూడా వేస్తారా అని వివరంగా అడిగారు. వాటర్ సప్లై వాళ్ళకి గట్టిగా చెబుతానన్నాను. తృప్తిపడి వెళ్ళారు. అట్టపెట్టెల గురించి ఏమీ అడగలేదు. మేనల్లుడు ఆ ఏడాది రాలేదు, ఆ మాటకొస్తే నేను బదిలీ అయ్యేదాకా రాలేదు. గన్నవరంలో అసలు ఒక మేనల్లుడున్నాడో లేదో నేను అడగలేదు.

మేడ ఏడాదిన్నరకి లేచింది. నేను పునాది దగ్గర ఒకసారి, ప్రతి స్లాబుకీ ఒకసారి వెళ్ళి ప్లాను ప్రకారం కడుతున్నారో లేదో చూశాను. వెంటిలేటర్లు గీసిన చోటే వచ్చాయి. చిన్నకోడలు పై అంతస్తు తీసుకుంది. తోడికోడళ్ళు మొదట జాలిపడ్డారు, ఎండాకాలం గాలి చూశాక మానేశారు. యాంటెన్నా బెంగ పెట్టుకున్న గుమాస్తా గుప్త గారిని బతిమాలి తన యాంటెన్నా కూడా ఆ డాబా మీదే కట్టుకున్నాడు. రైతుగారి తోటకి ఆ ఏడు పూత బాగా వచ్చింది. మేడ గాలిని సరిగ్గా ఆపడం వల్లే వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. మరుసటి వేసవికి కాలనీ ఆడవాళ్ళు తాండ్ర చాపలు చుట్టుకుని నాలుగంతస్తులెక్కడం మొదలుపెట్టారు. అంత పైకి కాకులు తక్కువ వస్తున్నాయట. ఎవరైనా ఇల్లు అడిగితే, నాలుగంతస్తుల మేడ పక్క సందు అని గర్వంగానే చెప్పేవారు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళలో ఎవరిని అడిగినా, తాము మొదటి నుంచీ వద్దనలేదనే అన్నారు.

మాస్టారు సాయంత్రాలు వీధి వరండాలోకి మారారు. అందరికీ కనపడేటట్టు కూర్చుని, రోజుకి ఒక్కటే చుట్ట. అది సుగుణమ్మ గారితో కుదిరిన ఒప్పందమట. దాంట్లో షరతులేంటో నాకు తెలియదు.

ఆ తరవాత నేను గుడివాడలో, కాకినాడలో, చివరికి విశాఖపట్నంలో టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఇంతకన్నా చాలా ఎత్తైనవాటికి అనుమతులిచ్చాను, కొన్నిటికి నిరాకరించాను. నూజివీడులో నాకు తెలిసింది ఇంత. జనం ఎత్తుకి అభ్యంతరం చెబుతారు గానీ, వాళ్ళ ఇబ్బంది చాలాసార్లు ఎత్తుతో కాదు, కిటికీ ఎటు తెరుచుకుంటుందన్న దానితో. ఆ ఇబ్బంది అర్జీలో రాయరు, ఎందుకంటే అర్జీ రాసేవాళ్ళు వేరు, నీళ్ళు పోసుకునేవాళ్ళు వేరు. అందుకని ఏ ప్లాను వచ్చినా నేను ముందువైపు బొమ్మ ఆఖరున చూసేదాన్ని. మొదట పక్కింటికి వెళ్ళి, వాళ్ళు రానిస్తే, పెరట్లో నిలబడి తలెత్తి చూసేదాన్ని. మా శాఖ మాన్యువల్‌లో ఆ తనిఖీ లేదు. చేర్చమని ఒకసారి రాశాను, ఆలోచిస్తామని జవాబొచ్చింది.